మొక్కుకుని పెట్టిన పేరు

ఇందులో ఎవరి పేరూ రాయను. మా వాళ్ళకు ఇష్టం ఉండదు, నాకూ ఇష్టం లేదు. కానీ ఒక్క పేరు మాత్రం రాయక తప్పదు, ఎందుకంటే ఈ గొడవంతా ఆ పేరు గురించే. మా అబ్బాయి పేరు సమూయేలు. అది రాసినంత మాత్రాన వాణ్ణి పట్టిచ్చినట్టేమీ కాదు. మేముండే మెల్బోర్న్ శివారు వెర్రిబీలో ఏ పార్కులోనైనా నిలబడి సామ్ అని గట్టిగా పిలిస్తే ముగ్గురు పిల్లలు వెనక్కి తిరుగుతారు. ఒకసారి ఒక కుక్క కూడా తిరిగింది. వాడి కిండర్‌గార్టెన్‌లో ముగ్గురు సామ్‌లుండేవాళ్ళు. ఎవరిని పిలుస్తోందో తెలియడానికి టీచరు వాళ్ళ ఇంటిపేర్లలో మొదటి అక్షరం తగిలించి పిలిచేది. పుట్టిన పిల్లల పేర్ల జాబితా ఏటా పేపర్లో వేస్తారు కదా, అందులో ఆ పేరు పైన కాకపోతే మధ్యలోనైనా ఎప్పుడూ ఉంటుంది. తెల్లవాళ్ళు, లెబనాన్ వాళ్ళు, మలయాళీలు, సూడాన్ నుంచి వచ్చినవాళ్ళు అందరూ పెట్టుకుంటారు. ఎందుకు పెట్టారని అడిగితే బాగుంటుంది, పలకడానికి సులువు అంటారు.

మా వైపు అలా కాదు. మాది కృష్ణ ఒడ్డున ఒక చిన్న పల్లె. అక్కడ ఆ పేరును సామేలు అని పిలుస్తారు. ఆ పేరు వినగానే మా సంఘంలో పెద్దవాళ్ళు ఒక్క క్షణం ఆగి ఆ పిల్లాడి ముఖంలోకి చూసేవారు. ఏళ్ళ తరబడి కడుపు పండని తల్లి ఉపవాసాలుండి, మగబిడ్డనిస్తే నీ సేవకే ఇచ్చేస్తానని దేవుడికి మొక్కుకుంటుంది. అలా పుట్టినవాడికే మా దగ్గర ఆ పేరు పెడతారు. పెద్దయ్యాక వాడు పాస్టరవ్వాలి. ఊళ్ళో మిగతా మగపిల్లల్ని పెద్దయ్యాక ఏమవుతావురా అని అడిగేవారు. సామేళ్ళను మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

దీని వెనక కథ చాలా పాతది. పిల్లల్లేని ఒకావిడ మందిరానికి వెళ్ళి, గొంతు పెగలక పెదాలు మాత్రమే కదుపుతూ ఏడుస్తుంది. తాగి వచ్చిందనుకుని అక్కడి ముసలి యాజకుడు ఆమెను కసురుతాడు. తర్వాత ఆమెకు బిడ్డ పుడతాడు. పాలు మాన్పించగానే వాణ్ణి తీసుకెళ్ళి ఆ ముసలాయనకు అప్పగించి ఇంటికొచ్చేస్తుంది. ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి వాడికి పట్టుకెళ్తుంది. మా ఆడవాళ్ళ కూడికల్లో ఈ కథ చెప్పినప్పుడు అంగీ దగ్గరికొచ్చేసరికి అందరూ కళ్ళు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకున్నాను. కాకపోతే నా ఏడుపు వేరు.

నాకు ఆరేళ్ళప్పుడు నాన్న పోయాడు. ఏడో ఏట అమ్మ నన్ను పట్నంలో మిషన్ వాళ్ళ బోర్డింగులో చేర్చింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అమ్మ పగలంతా పొలం పనికెళ్ళి, సాయంత్రం కుట్టుమిషను ముందు కూర్చునేది. నన్నెవరు చూస్తారు? బోర్డింగులో అన్నం పెట్టేవాళ్ళు, చదువు చెప్పేవాళ్ళు. ఆ చదువు వల్లే నేను నర్సునయ్యాను, ఈ దేశం వచ్చాను. అమ్మ ఏడాదికోసారి, క్రిస్మస్‌కి, కొత్త ఫ్రాకు కుట్టి తెచ్చేది. పెరిగే పిల్ల కదా అని రెండు వేళ్ళు వదులుగా కుట్టేది. అది సరిగ్గా పట్టే సమయానికి మళ్ళీ క్రిస్మస్ వచ్చేది.

పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా నాకు పిల్లలు పుట్టలేదు. మేం మెల్బోర్న్ బయల్దేరే ముందు వారం, మా పల్లె చర్చిలో శుక్రవారం ఉపవాస కూడిక పెట్టారు. ప్రార్థన చేయడానికి అమ్మ లేచి నిలబడింది. అమ్మ మొదలుపెడితే తొందరగా అయ్యేది కాదు. మాకేమో ఆమెన్ అనడం ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఆమెన్ అంటాం. ప్రయాణం క్షేమంగా జరగాలంది, ఆమెన్ అన్నాను. అల్లుడికి మంచి పని దొరకాలంది, ఆమెన్ అన్నాను. నా కూతురి ఒడి నింపు తండ్రీ, మగబిడ్డనిస్తే వాణ్ణి నీ సేవకు ఇచ్చేస్తాం అంది. దానికీ ఆమెన్ అన్నాను. మాట నోటి నుంచి వెళ్ళిపోయాక గానీ దేనికి అన్నానో నాకు తెలియలేదు. కళ్ళు తెరిచి చూస్తే చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు.

ఇంటికి నడుస్తూ అమ్మతో పోట్లాడాను. లేని బిడ్డను ఎలా ఇచ్చేస్తావు, అది కూడా నన్నడక్కుండా, అన్నాను. నా కోపం అమ్మకు కొత్త కాదు.

"ముందు పుట్టనీయవే," అంది. "ఆమెన్ అన్నావుగా."

పుట్టాడు. మేం ఇక్కడికొచ్చిన ఏడాదిలోపే కడుపు నిలిచింది. తొమ్మిదేళ్ళు ఏ డాక్టరుకూ చేతకానిది జరిగింది. ఊళ్ళో చర్చిలో అమ్మ దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబితే సంఘమంతా లేచి నిలబడిందట.

ఆసుపత్రిలో పుట్టుక నమోదు ఫారం చేతిలో పెట్టుకుని మా ఆయన్ని అడిగాను, వేరే పేరు పెడదామా అని. ఆయన నెమ్మదస్తుడు. గొడవంటే భయం, దేవుడితో గొడవంటే ఇంకా భయం. మొక్కిన సంగతి దేవుడికి తెలుసు, మీ అమ్మకు తెలుసు, పేరు మార్చితే ఎవరి కళ్ళు కప్పుతాం అన్నాడు. నేను ఇంకా ఆలోచిస్తుంటే కాన్పు చేసిన మిడ్‌వైఫ్ వచ్చి ఫారంలో రాసి ఉన్న పేరు చూసి మురిసిపోయింది. వాళ్ళ తమ్ముడి పేరూ అదేనట, వాళ్ళ వీధిలో ఇద్దరికి ఉందట, ఎప్పటికీ పాతబడని పేరట. ఆమె తమ్ముడు ఏం చేస్తాడని అడిగాను. టైర్ల షాపు నడుపుతాడంది. ఆ మాటతో నాకెంత నిబ్బరం వచ్చిందో చెప్పలేను. ఇక్కడ ఈ పేరున్నవాళ్ళు టైర్లు అమ్ముకుంటారు, క్రికెట్ ఆడుకుంటారు. ఇంతమంది మధ్య మా వాడి పేరు ఏమిటని ఎవరు చూస్తారు అనుకున్నాను. సంతకం పెట్టేశాను. నేను చేసిన తప్పు అదే. పదిమందికీ ఉన్న పేరైతే దాని బరువు కూడా పదిమందీ పంచుకుంటారనుకున్నాను.

మొదటి పుట్టినరోజుకి ఇండియా నుంచి పార్సెల్ వచ్చింది. విప్పితే తెల్లచొక్కా. అమ్మ చేత్తో కుట్టింది, నా రెండు అరచేతులంత ఉంది, రెండు వేళ్ళు వదులు. మా వైపు పాస్టర్లు తెల్లబట్టలే కడతారు. అమ్మ విడిగా చెప్పకపోయినా నాకర్థమైంది. వాడికి తొడిగి ఫొటో తీసి పంపాను. ఆ తర్వాత ఏటా వచ్చింది, పోస్టులోనో, ఎవరైనా ఊరెళ్ళి వస్తే వాళ్ళ ద్వారానో. కొలతలు నేనిచ్చేదాన్ని కాదు. మా ఆయన జానలేసి కొలిచి అమ్మకు ఫోనులో చెప్పేవాడు. మా వాడికి అది అమ్మమ్మ షర్టు, అంతే. పుట్టినరోజు పొద్దున అది వేసుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వి ఫొటో దిగేవాడు, పది నిమిషాల్లో విప్పేసి టీషర్టు తొడుక్కునేవాడు. ఫొటోను అమ్మ చర్చికి పట్టుకెళ్ళి అందరికీ చూపించేదని, వాళ్ళు దాని మీద చేతులుంచి ప్రార్థన చేసేవాళ్ళని వాడికి తెలియదు. విప్పిన చొక్కాలు మడతపెట్టి ఒక ప్లాస్టిక్ డబ్బాలో దాచేదాన్ని. పారేయడానికి ధైర్యం చాలలేదు.

చెబుదాం చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. అయిదేళ్ళప్పుడు చెబితే అర్థం కాదు, పదేళ్ళప్పుడు చెబితే భయపడతాడు, పదిహేనేళ్ళప్పుడు చెబితే నవ్వుతాడు. చెప్పకపోవడానికి ఎప్పుడూ ఏదో ఒక సాకు దొరికేది.

అసలు సంగతి వేరే ఉంది. అది మా ఆయనకు కూడా చాలా ఏళ్ళు చెప్పలేదు. వాడికి ఆరేళ్ళప్పుడు, స్కూల్లో మధ్యాహ్నం ఆడుకుంటూ ఆడుకుంటూ ఊపిరాడక పడిపోయాడు. ఆస్తమా. నేను పని నుంచి పరుగెత్తుకుని వెళ్ళేసరికి అంబులెన్సులో ఎక్కిస్తున్నారు. నేను నర్సును. పెదాలు ఆ నీలం రంగుకు తిరిగితే అర్థం ఏమిటో నాకు బాగా తెలుసు. మాస్కు వెనక వాడి కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను వాడి కాలు పట్టుకుని, ఇచ్చేస్తాను, ఇచ్చేస్తాను, బతికించు చాలు అన్నాను. ఒకసారి కాదు, ఆసుపత్రి చేరేదాకా అంటూనే ఉన్నాను. మొదటి మొక్కు అమ్మది, నేను పరధ్యానంగా ఆమెన్ అన్నాను, దాన్ని అమ్మ నెత్తిన పెట్టి తప్పుకోవచ్చు. ఇది మాత్రం నాదే. ఎవరూ అడగలేదు, నేనే మొక్కుకున్నాను. సాయంత్రానికి వాడు లేచి కూర్చుని జెల్లీ అడిగాడు.

అప్పట్నుంచి నాకు ప్రశాంతత లేదు. వాడికి జ్వరం వస్తే, మాట తప్పుతానేమోనని దేవుడు గుర్తు చేస్తున్నాడా అనుకునేదాన్ని. సైకిలు మీంచి పడినా అంతే. దేవుడు అలాంటివాడు కాదని పుస్తకాలు చదివాను, ప్రసంగాలు విన్నాను, అందరికీ అదే చెప్పాను. లోపల భయం మాత్రం తగ్గలేదు.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక యూదుల పెద్దావిడ ఉండేది. ఆమె తమ్ముడి పేరు కూడా ఇదేనని, వాళ్ళ ఇంట్లో ష్మూయెల్ అని పిలిచేవారని ఒకరోజు మాటల్లో తెలిసింది. ఆ పేరుకు అర్థం మా పల్లెలో నేర్పినట్టే చెప్పాను, దేవుణ్ణి అడిగి తెచ్చుకున్నవాడు అని. ఆవిడ ఒప్పుకోలేదు. కథలో తల్లి అలాగే అంటుంది గానీ పండితులు వేరేగా చెబుతారంది. కొందరు దేవుని నామం అంటారట, కొందరు దేవుడు విన్నాడు అంటారట. వాళ్ళ ఇళ్ళల్లో పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకు పెడతారట. తాతను తలుచుకోవడానికే తప్ప, పిల్లాడి దగ్గర ఏదో రాబట్టడానికి కాదంది. ఆమె జుట్టు దువ్వుతూ మా మొక్కు సంగతంతా చెప్పేశాను. సొంత మనుషులకు చెప్పలేనిది ఆమెకెలా చెప్పానో తెలియదు. అబ్బాయికి తెలుసా అని ఆవిడ అడిగింది. తెలియదన్నాను. దువ్వెన నా చేతిలోంచి తీసుకుని తనే దువ్వుకుంది. నాకు సిగ్గేసింది.

మా వాడు పన్నెండో క్లాసు అయ్యాక కరెంటు పనిలో అప్రెంటిస్‌గా చేరతానన్నాడు. ఇక్కడ స్పార్కీ అంటారు. మా వీధిలో ఉండే తెలుగు డాక్టరు అంకుల్ బాధపడ్డారు, ఇంత తెలివైన పిల్లాడు ఇంజనీరింగుకు వెళ్ళకుండా గోడలకు చిల్లులు పెట్టుకుంటానంటాడేంటమ్మా అన్నారు. వాడు నవ్వేవాడు. మా తెలుగు చర్చి ఒక స్కూలు హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు జరుగుతుంది. అక్కడ మైకులు, స్పీకర్లు, వైర్లు అన్నీ వాడివే. వైరు పట్టుకుంటే వాడి ముఖంలో ఒక నెమ్మది కనిపిస్తుంది, అది నేను ఇంకెక్కడా చూడలేదు. ఫిబ్రవరి మొదటి సోమవారం పనిలో చేరాలి.

జనవరిలో అమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. వాడికి పద్దెనిమిది నిండుతాయని, పద్దెనిమిదో చొక్కా తనే స్వయంగా ఇవ్వాలని వచ్చింది. ఎయిర్‌పోర్టులో వాణ్ణి చూసి, తలెత్తి చూడాల్సి వచ్చినందుకు మురిసిపోయి ఏడ్చింది. వారం రోజులు ఇల్లు పండగలా ఉంది. పెరట్లో గోంగూర కోసేది, వాడితో తెలుగు మాట్లాడించేది, వాడి తెలుగుకు తనే నవ్వేది. వాడు ఇంగ్లిషులో జవాబిస్తే ఆమె తెలుగులో జవాబిచ్చేది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు కనిపించలేదు.

గురువారం సాయంత్రం టీ తాగుతూ చల్లగా చెప్పింది. ఊళ్ళో పాస్టరు అయ్యగారితో మాట్లాడి వచ్చిందట. గుంటూరు వైపు ఒక బైబిలు కాలేజీలో వాడికి సీటు ఉంచుతామన్నారట, జూన్‌లో చేరాలట. ఇక్కడి పాస్టరుకు కూడా ఫోను చేసిందట, ఆదివారం సాక్ష్యం చెప్పుకుంటానని. వాణ్ణి పక్కన నిలబెట్టుకుని, కొత్త చొక్కా తొడిగి, అందరి ముందూ మొక్కు సంగతి చెబుతుందట. వాడికి ఇంకా ఏమీ తెలియదన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. పద్దెనిమిదేళ్ళు ఏం చేశావే అంది. నేను అరిచాను, అమ్మ అరిచింది, మా ఆయన చెత్తడబ్బా బయట పెట్టే నెపంతో వీధిలోకి వెళ్ళి అరగంట దాకా రాలేదు.

శనివారం మధ్యాహ్నం గరాజులోకి వెళ్ళాను. వాడు కొత్త పనిసంచి తెరిచి, స్క్రూడ్రైవర్లు సైజులవారీగా పేర్చుకుంటున్నాడు. తిరగేసిన బకెట్టు మీద కూర్చుని మొత్తం తెలుగులోనే చెప్పాను. ఇంగ్లిషులో చెబితే ఏదో కేసు వివరాలు చదివినట్టు ఉంటుందని. తొమ్మిదేళ్ళు, ఉపవాసం, ఆమెన్, పేరు, తెల్లచొక్కాలు, ఫొటోలు. చివర్న వాడు చేతిలో ఉన్నది కింద పెట్టాడు.

"సో... పుట్టకముందే ఐ వాజ్ గివెన్ అవే?"

అవునన్నాను. అమ్మమ్మ చర్చిలో ఎంతమందికి తెలుసని అడిగాడు. అందరికీ అన్నాను. వీడియో కాల్‌లో వాళ్ళంతా తనను అంత శ్రద్ధగా ఎందుకు చూసేవాళ్ళో ఇప్పుడు తెలిసిందన్నాడు. కోపంగా అనలేదు. అలా మెల్లగా అనకుండా తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. అంబులెన్సు సంగతీ చెప్పాను.

చాలాసేపు సంచి జిప్పు లాగుతూ, తీస్తూ ఉన్నాడు.

"మమ్, నాకది గుర్తుంది. యు వర్ సేయింగ్ సంథింగ్, ఓవర్ అండ్ ఓవర్. నాతో మాట్లాడుతున్నావనుకున్నాను."

నేను ఏడ్చాను. వాడు వచ్చి భుజం మీద చేయి వేయలేదు. లేచి నేరుగా ఇంట్లోకి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను.

అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పద్దెనిమిదో చొక్కాకు ఆఖరి గుండీ కుడుతోంది. వాడు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా పేరు కథ చెప్పు అమ్మమ్మా అన్నాడు తెలుగులో. అమ్మ ముఖం వెలిగిపోయింది. సూది ఆపకుండానే మొదలుపెట్టింది. పిల్లల్లేని తల్లి, పెదాలు, ముసలి యాజకుడు, బిడ్డ, పాలు మాన్పించడం, అప్పగించడం. అమ్మ కథ బాగా చెబుతుంది. తల్లి పాట పాడుకుంటూ ఇంటికెళ్ళిందని చెప్పేటప్పుడు ఆమె గొంతు కూడా పాటలాగే అయింది. ఏటేటా అంగీ తెచ్చేదని చెప్పి, చేతిలో ఉన్న చొక్కా వాడికి చూపించింది.

వాడు అంతా విని అడిగాడు.

"వాళ్ళమ్మ వెళ్ళిపోయాక ఆ పిల్లాడు ఏడ్చాడా?"

అమ్మ సూది ఆగింది. ఇన్నేళ్ళలో ఈ కథ విన్నవాళ్ళెవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు.

"వాక్యంలో ఆ మాట లేదయ్యా," అంది.

"ఓకే. బట్ ఏడ్చాడా?"

అమ్మ కళ్ళజోడు సర్దుకుంది. చిన్నతనం నుంచే దేవుని సన్నిధిలో ఉన్నాడు కదా, ఎందుకేడుస్తాడు అనో ఏదో మొదలుపెట్టింది. పూర్తి చేయలేదు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మాట్లాడాలని అనుకోలేదు.

"ఏడ్చాడు," అన్నాను.

అమ్మ నా వైపు తిరిగింది. "ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా రాసి లేదు. ఏడ్చాడు. చొక్కా పట్టుకొచ్చిన రోజు ఇంకా ఎక్కువ ఏడ్చాడు, ఎందుకంటే సాయంత్రానికి ఆమె మళ్ళీ వెళ్ళిపోతుందని వాడికి తెలుసు."

ఎవరి గురించి అంటున్నానో అమ్మకు వెంటనే అర్థమైంది. మా వాడికి ఒక నిమిషం పట్టింది. వాడు నన్నూ అమ్మమ్మనూ మార్చి మార్చి చూశాడు. అమ్మ గుండీ కుట్టడం ముగించింది, దారాన్ని పంటితో కొరికి తెంచింది, చొక్కా మడతపెట్టి టేబుల్ మీద పెట్టి, మోకాళ్ళ నొప్పంటూ లోపలికెళ్ళి పడుకుంది.

ఆదివారం మా వాడు ఆ చొక్కా వేసుకున్నాడు. నేను వేసుకోమనలేదు, అమ్మా అనలేదు. ఎందుకు వేసుకున్నాడో నాకిప్పటికీ తెలియదు. స్కూలు హాల్లో పాటలయ్యాక పాస్టరు అమ్మను పిలిచారు. నేను ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాను. అమ్మ మైకు ముందుకు వెళ్ళింది. సముద్రాలు దాటించి క్షేమంగా తెచ్చినందుకు స్తోత్రం అంది. తర్వాత, మనవడు వచ్చే వారం కరెంటు పనిలో చేరుతున్నాడు, నిచ్చెనలెక్కే పని, వాణ్ణి మీ ప్రార్థనల్లో పెట్టుకోండి అంది. అంతే, వచ్చి కూర్చుంది. హాలంతా ఆమెన్ అంది. నేను మాత్రం ఆమె కూర్చున్నాక, ఇంకేమీ మిగల్లేదని తెలిశాక అన్నాను.

అమ్మ మనసు మారిందో, లేక పరాయి దేశంలో కూతురి పరువు కాపాడిందో చెప్పలేను. ఆ విషయం మళ్ళీ మా మధ్య రాలేదు. బైబిలు కాలేజీ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమె మొక్కు ఆమె వెనక్కి తీసుకున్నా, అంబులెన్సులో నేను మొక్కింది అలాగే ఉంది. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో నాకెవరూ నేర్పలేదు. మా వాడు పొద్దున్నే పసుపుపచ్చ జాకెట్ తొడుక్కుని ఇళ్ళ కప్పుల్లోకి దూరుతాడు, వైర్లు పట్టుకుంటాడు. మధ్యాహ్నం భోజనం టైముకు ఏదో ఒక వంకన మెసేజ్ పెడతాను. వాడికి తెలుసు. అయామ్ ఎలైవ్ మమ్ అని జవాబిస్తాడు, పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా పెడతాడు. వాడికది సరదా. నాకది చూస్తే గానీ ముద్ద దిగదు.

ఏప్రిల్‌లో అమ్మ వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ ఇచ్చారు. మా వాడు సామాను తూకం వేయించడానికి వెళ్ళాడు. మేమిద్దరమే ఉన్నాం. అమ్మ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, నా వైపు చూడకుండా అడిగింది.

"బోర్డింగులో ఎన్నాళ్ళు ఏడ్చావే?"

డెబ్బై దాటిన మనిషి, మళ్ళీ ఎప్పుడు చూస్తానో తెలియదు. అబద్ధం ఆడాను. "రెండ్రోజులేలేమ్మా. తర్వాత అలవాటైపోయింది."

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నాలుగో రోజు నేనొచ్చాను. గోడ ఇవతల రోడ్డు మీద నిలబడ్డాను. నీ గొంతు నాకు తెలీదా."

ఎందుకు లోపలికి రాలేదని అడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"వస్తే తీసుకెళ్ళిపోతానని," అంది.

వీల్‌చైర్ తోసే అమ్మాయి వచ్చి టైమైందని చెప్పింది. మా వాడు పరుగున వచ్చి వంగి అమ్మమ్మను కావలించుకున్నాడు. ఆమె వాడి వీపు మీద జానలేసి భుజం కొలిచింది, అలవాటు కొద్దీ. తలుపులు మూసుకున్నాక, అమ్మమ్మ నీతో ఏమంది అని వాడు అడిగాడు. నేను కారు వైపు నడిచాను. సీటు బెల్టు పెట్టుకున్నాక చెప్పడం మొదలుపెట్టాను, ఏడో ఏటి నుంచి, ఏదీ దాచకుండా. వాడు ఇంజను ఆపేసి విన్నాడు.